రహీం సాబ్ వర్ధంతి: మన ఫుట్‌బాల్ ఆయనతోనే పోయిందా?

గోషామహల్_10:
జూన్ 11. 1963ల గిదే రోజు మన దేశ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్‌ల కన్నుమూసిండు. ఊపిరితిత్తుల క్యాన్సర్. యాభై మూడేండ్లే. జకార్తాల ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చి తొమ్మిది నెలలు దాటి వారమే అయింది.
స్కూల్ టీచర్‌గ బతుకు మొదలుపెట్టిన మనిషి. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌ల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1960 రోమ్‌ల ఫ్రాన్స్‌తోని 1-1, 1962ల మళ్ల బంగారం. ఆయన పోయినంక మన దేశం ఒక్క ఒలింపిక్స్‌లకు కూడా ఫుట్‌బాల్‌ల పోలే. ఒక్కటంటే ఒక్కటి. అందుకే ఏటా ఇదే మాట రాస్త: ఆయనతోనే మన ఫుట్‌బాల్ పోయింది. కాదన్నోళ్లు లెక్కలతోని రండి.

బోయిన్‌పల్లి వింగర్:
జోహార్ రహీం సాబ్.

తాడేపల్లి ఫ్యాన్:
ఈయన మీద 'మైదాన్' సినిమా వచ్చేదాకా ఈయన పేరు కూడా తెలీదు నాకు. నమస్కారం.

విశాఖ స్టాపర్:
అన్నా, ఆయనకు నా నమస్కారం కూడా చేర్చు. కానీ లెక్కలు అడిగావు కాబట్టి చెప్తున్నా. 1964 ఏషియన్ కప్‌లో మనం రన్నరప్. కోచ్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన హ్యారీ రైట్. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ది, అంటే సాబ్ పోయిన రెండేళ్లు దాటాక. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో జపాన్‌ని ఓడించి కాంస్యం, కెప్టెన్ మీ హైదరాబాద్ నయీముద్దీనే. 1963లో అంతా పోతే ఇవన్నీ ఎవరు ఆడారు?

గోషామహల్_10:
1964ల ఆడింది నాలుగు టీములే. ఇజ్రాయెల్, మనం, దక్షిణ కొరియా, హాంకాంగ్. ఆ కొరియాను కొట్టింది సాబ్ తయారుచేసిన పోరగాండ్లే. కోచ్ మారిండు, కాళ్లు మారలే. చెట్టు నరికినంక కూడా కొన్ని రోజులు ఆకు పచ్చగనే ఉంటది.

పాత స్కోర్‌బుక్:
ఒక చిన్న సవరణ. ఈ దారంలో ఇంకా ఎవరూ అనలేదు కానీ అనేస్తారు, కాబట్టి ముందే చెప్తున్నాను. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం ఆడింది 4-2-4 అని, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు అని, ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. జట్టు చూడండి. గోల్‌లో థంగరాజ్. వెనక చంద్రశేఖర్, అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్. మధ్యలో ఫ్రాంకో, ప్రశాంత సిన్హా. ముందు పి.కె. బెనర్జీ, యూసుఫ్ ఖాన్, జర్నైల్, చునీ, బలరాం. ముగ్గురు, ఇద్దరు, ఐదుగురు. నాలుగో బ్యాక్ ఎక్కడ?

బోయిన్‌పల్లి వింగర్:
మొదలెట్టారు సార్.

ఎడమకాలు:
సార్, పేపర్ మీద ఐదుగురు ముందున్నా, వింగర్‌కీ సెంటర్ ఫార్వర్డ్‌కీ మధ్య ఆడే ఇన్‌సైడ్ ఫార్వర్డ్ ఒకడు దిగి ఆడితే ముందు నలుగురే. మధ్యలో ఆడే హాఫ్‌లలో ఒకడు, వెనక నడుమ కాసే స్టాపర్ పక్కకి జరిగితే వెనక నలుగురు. వరుస రాసే పద్ధతి పాతది, ఆడే పద్ధతి కొత్తది. 1956లోనే సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి దించి ఆడించారు కదా, హంగేరీ వాళ్లు చూపించిన దారిలో. అవతలి స్టాపర్ వెంట వస్తే వాడి వెనక ఖాళీ, రాకపోతే మధ్యలో మనకి ఒకడు ఎక్కువ. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఆ ఖాళీల్లోకి పరుగెత్తడం తెలిసినవాడు కాబట్టే.

పాత స్కోర్‌బుక్:
'జరిగితే' అంటున్నారు. జరిగాడా లేదా అని అడుగుతున్నాను.

విశాఖ స్టాపర్:
అంకెలు పక్కన పెట్టండి సార్. నేను చెప్పే కారణాలకి సాబ్ చావుతో సంబంధం లేదు. ఒక్కొక్కటీ రాస్తా.

మొదటిది, సమయం. అప్పట్లో కలకత్తా లీగ్ లాంటి చోట్ల మ్యాచ్ 70 నిమిషాలే. బయట 90. చివరి 20 నిమిషాలకి ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది? అలవాటు లేని పిక్కలు పట్టేస్తాయి, హాఫ్‌లు వెనక్కి పరుగెత్తలేరు, బ్యాక్‌లకీ హాఫ్‌లకీ మధ్య ఇరవై గజాల సందు పడుతుంది. అవతలివాడు అక్కడే కూర్చుని ఆడుకుంటాడు. ఏడాది పొడుగునా 70 ఆడించి, క్యాంపులో కొన్ని వారాలు పరుగులు పెట్టించి 90కి పంపితే ఏ కోచ్ అయినా చేసేది కొంతే.

రెండోది, బూట్లు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఎండిన నేల మీద వట్టి కాలికి బంతి బాగా అంటుతుంది, నిజమే. తడి గడ్డి మీద మలుపు తిరిగేటప్పుడు మడమ జారుతుంది, టాకిల్‌కి కాలు పెట్టాలంటే భయం. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. 1952 దాకా ఆ నియమం లేకపోవడం ఎవరి తప్పు?

మూడోది, పక్కవాళ్లు కూడా పడుకుని లేరు. జపాన్ 1960లో జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్‌ని పిలిపించుకుంది, 1965లో జాతీయ లీగ్ పెట్టుకుంది, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం తీసుకుంది. సాబ్ ఇంకో పదేళ్లు బతికున్నా జపాన్ ఆగేది కాదు.

గోషామహల్_10:
70 నిమిషాల సంగతి సాబ్‌కు తెల్వదా? మెల్‌బోర్న్ సెమీఫైనల్ల యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే, సెకండ్ హాఫ్‌ల, నెవిల్ కొట్టిండు. తర్వాత నాలుగు తిన్నం. అది ఊపిరి లెక్కే, ఒప్పుకుంట. అయితే ఆరేండ్లకు జకార్తాల లక్ష మంది మనకు ఎదురు అరుస్తుంటే ఏమైంది? ఇజ్రాయెల్, తైవాన్‌లను రానియ్యలేదని మన ఒలింపిక్ పెద్దమనిషి సోంధీ గారు మాట్లాడిన మాటకు ఊరంత మండుతున్నది. మొదటి ఇరవై నిమిషాలల్ల రెండు గోల్స్, ఒకటి పి.కె., ఒకటి జర్నైల్. అటెన్క డెబ్భై నిమిషాలు కాపాడుకున్నరు, చివర్ల ఒక్కటే ఇచ్చిండ్రు. ఊపిరి లేనోళ్లు చేసే పనేనా ఇది?

పాత స్కోర్‌బుక్:
జర్నైల్ స్టాపర్. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో హెడర్లకి ఎగరాల్సిన స్టాపర్ స్థానంలో పెట్టలేక ముందుకి పంపారు. అది వ్యూహమా, గత్యంతరం లేకా?

ఎడమకాలు:
గత్యంతరం లేనప్పుడు ఏం చేస్తాడో చూసే కదా కోచ్‌ని కొలిచేది. దెబ్బ తగిలినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు. ఈయనకి గుర్తున్నది ఏమిటంటే, ఆ కుర్రాడు కాలేజీ రోజుల్లో సెంటర్ ఫార్వర్డ్. అరుణ్ ఘోష్‌ని స్టాపర్‌కి జరిపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2లో ఒకటి జర్నైల్‌దే, ఫైనల్లో ఇంకొకటి. గ్రూపులో ఇదే కొరియా మనల్ని 2-0తో కొట్టింది. వాళ్ల బ్యాక్‌లు ఆ మ్యాచ్‌లో చూసిన ఫార్వర్డ్ లైన్ వేరు, ఫైనల్లో ఎదురొచ్చిన మనిషి వేరు.

కాజీపేట రెఫరీ:
పాత కథలు సరే. ఇప్పుడు అండర్-13 పిల్లల మ్యాచ్‌లు చూడండి. కుడికాలి పిల్లాడు ఎడమ వైపు బంతి వస్తే దాని చుట్టూ తిరిగి వచ్చి కుడికాలితో కొడతాడు. ఆ ఒక్క సెకనులో డిఫెండర్ వచ్చేస్తాడు. మా జిల్లాలో సెలక్షన్ అంటే పిల్లాడికి ఐదు నిమిషాలు బంతి ఇచ్చి, ఎవరు గట్టిగా కొడితే వాణ్ణి రాసుకోవడమే. రెఫరీకి టీఏ కూడా ఇవ్వరు, అది వేరే విషయం. రహీం సాబ్ ఈ జబ్బుకి మందు పెట్టారని విన్నా. వివరం ఎవరైనా రాస్తారా?

ఎడమకాలు:
రాస్తా. ఆయన రెండు రకాల టోర్నీలు పెట్టించేవారు. బలం లేని కాలితోనే ఆడాల్సినది ఒకటి, డ్రిబ్లింగ్ లేనిది ఒకటి. కింద రాసేది ఇప్పుడు మైదానాల్లో నడిచే పద్ధతి, సాబ్ చేతిరాత అని ఎక్కడా అతికించకండి.

మైదానం 40 మీటర్ల పొడవు, 25 వెడల్పు చాలు. కీపర్‌తో కలిపి ఆరుగురు, గోల్ మూడు మీటర్లు, పన్నెండేళ్ల లోపువాళ్లకి 4వ నంబర్ బంతి, పది నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు. పెద్ద గ్రౌండ్‌లో పెడితే బలం లేని కాలితో ముప్పై మీటర్లు ఎవడూ కొట్టలేడు, ఆట మొత్తం త్రో-ఇన్‌లే అవుతుంది. బలమైన కాలికి ఎర్ర సాక్సు, రెండోదానికి తెల్లది. ఇది లేకపోతే రెఫరీకి ఇరవై మీటర్ల దూరం నుంచి ఏ కాలో తెలీదు, గొడవలే. ఎర్ర కాలు తగిలితే అవతలివాళ్లకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్.

మొదటి రెండు వారాలు మాత్రం ఎర్ర కాలితో బంతి ఆపుకోనివ్వండి. పాస్, షాట్ తెల్ల కాలితోనే. మొదటి రోజే రెండూ నిషేధిస్తే ఐదు సెకన్లకో విజిల్, పిల్లలు ఏడుస్తారు, తల్లిదండ్రులు మానిపిస్తారు.

తప్పు ఎక్కడ వస్తుందంటే, అందరూ కొట్టే కాలిని చూస్తారు. చూడాల్సింది నిలబడే కాలు. బలం లేని వైపు కొట్టేటప్పుడు నిలబడే కాలు బంతికి బాగా వెనక పడుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి గాల్లోకి లేస్తుంది. బంతి పక్కన జానెడు దూరంలో, బొటనవేలు పాస్ వెళ్లాల్సిన వైపు చూసేలా పెట్టించండి. కొట్టే కాలి చీలమండ బిగించి ఉండాలి. రోజుకి గోడకి యాభై పాస్‌లు, నాలుగు మీటర్ల నుంచి మొదలు. ఆ వయసుకి వందలు వద్దు, గజ్జల కండరం పట్టేస్తుంది.

డ్రిబ్లింగ్ లేని ఆటకి మూడు టచ్‌లతో మొదలుపెట్టి రెండుకి, చివరికి ఒకటికి తగ్గించాలి. అక్కడ వచ్చే తిప్పలు, పాస్ ఇచ్చినవాడు శిల్పంలా నిలబడిపోతాడు. పాస్ ఇచ్చాక ఐదడుగులు కదలకపోతే ఫౌల్ అని పెట్టండి. వారంలో మారతారు.

కాజీపేట రెఫరీ:
కీపర్ సంగతి?

ఎడమకాలు:
చేతులకి నియమం లేదు. గోల్ కిక్ తెల్ల కాలితోనే, లేదా దొర్లించి ఇవ్వాలి.

విశాఖ స్టాపర్:
ఇదిగో, నా బాధ సరిగ్గా ఇక్కడే. ఇంత తేలికైన పని. ఖర్చు ఎర్ర సాక్సులంత. సాబ్ తర్వాత హైదరాబాద్‌లో ఎందుకు ఆగిపోయింది?
చెప్తా, కోప్పడకు. 1943 నుంచి చనిపోయేదాకా ఇక్కడి ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ ఆయనే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ ఆయనే. ఇండియా కోచ్ ఆయనే. టోర్నీ పెట్టేదీ, పిల్లాణ్ణి పట్టేదీ, పోలీసులో ఆడించేదీ, దేశానికి పంపేదీ ఒక్క మనిషి. బతికున్నంత కాలం అదే బలం. 1950 నుంచి 54 దాకా పోలీస్ జట్టుకి వరసగా ఐదు రోవర్స్ కప్‌లు, అంటే బొంబాయి పెద్ద టోర్నీ, అందుకే వచ్చాయి. పోయిన రోజు మాత్రం మూడు కుర్చీలు ఒకేసారి ఖాళీ. రెండో మనిషిని తయారు చేసుకోకపోవడం కూడా ఆయన లెక్కలోకే రాయాలి.

గోషామహల్_10:
వర్ధంతి రోజు రాసే మాటలేనా ఇవి? మనిషి క్యాన్సర్‌తోని దగ్గుకుంటనే జకార్తా పోయిండు. ఫైనల్ ముందు రోజు ఆటగాండ్లను పిలిచి, నాకు బహుమతిగ బంగారం ఇయ్యుండ్రి అన్నడని వాళ్లే చెప్పిండ్రు. గంత మనిషి మీద ఆడిట్ చేస్తవా? 1985ల ద్రోణాచార్య అవార్డు మొదలైంది, 1990ల నయీముద్దీన్‌కు ఇచ్చిండ్రు, ఆయనకు దక్కాల్సిందే. ఆ తరాన్ని పుట్టించిన గురువుకు మాత్రం లేదు. దాని గురించి రాయవు. ఎవరో ఒకరు పెద్దోడైతే కిందికి గుంజుడు మనకు అలవాటే.

బోయిన్‌పల్లి వింగర్:
అన్నా శాంతం.

విశాఖ స్టాపర్:
అవార్డు ఇవ్వాలి. దానికి నేను సంతకం పెడతా. కానీ అవార్డు వస్తే ఒక్క పిల్లాడి ఎడమకాలు కదులుతుందా?

గోషామహల్_10:
నీ కడుపుమంట సాబ్ మీద కాదు, హైదరాబాద్ మీద. సూటిగ చెప్పు.

విశాఖ స్టాపర్:
చెప్తా. హైదరాబాద్ మీదే. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు, 1966లో హబీబ్, నయీం వెళ్లారు, కలకత్తా క్లబ్బులు మా నీళ్లు తోడేశాయని అరవై ఏళ్లుగా చెప్తున్నారు. పోలీసు జీతం కంటే అక్కడ డబ్బు ఎక్కువ, వెళ్తారు. ఆటగాణ్ణి కలకత్తా పట్టుకుపోయింది, ఒప్పుకుంటా. పన్నెండేళ్ల పిల్లలకి టోర్నీ పెట్టొద్దని కలకత్తా వచ్చి ఆపిందా? 'ఆయనతోనే పోయింది' అన్న మాట మీకు సుఖంగా ఉంది. చచ్చిపోయినాయన మీద వేస్తే బతికున్నవాళ్లు ఏమీ చేయక్కర్లేదు.

గోషామహల్_10:
సుఖమా? గ్రౌండ్లు ఎవరి చేతుల ఉన్నయో తెల్సా నీకు? ఫతే మైదాన్ స్టేడియం అయింది, పోలీస్ గ్రౌండ్లకు పర్మిషన్ కావాలె, గల్లీల ఖాళీ జాగ అనేదే లేదు. సాబ్ కాలంల ఉన్న మట్టి ఇప్పుడు ఏది? 40 మీటర్ల జాగ నువ్వు చూపెట్టు, సాక్సులు నేను కొంట.

ఎడమకాలు:
బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్లు ఉంటుంది. కీపర్ లేకుండా నలుగురు నలుగురు ఆడొచ్చు. సిమెంట్ అయితే స్టడ్‌లు వద్దు, చదునైన అడుగున్న బూట్లు, బంతిలో గాలి కొంచెం తగ్గించాలి. స్కూళ్లలో ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి, హెడ్‌మాస్టర్‌కి ఉత్తరం రాసి అడగండి.

గోషామహల్_10:
అడుగుత. కానీ పైన రాసిన మాట వాపస్ తీస్కోను.

విశాఖ స్టాపర్:
నేనూ తీసుకోను.

పాత స్కోర్‌బుక్:
నాలుగో బ్యాక్ ఎవరో ఇంకా ఎవరూ చెప్పలేదు.