55 వేలలో తేలికగా ఉండే గట్టి ల్యాప్‌టాప్ ఏది? (వైజాగ్, రోజూ బస్సు ప్రయాణం, పైథాన్ పని)

కెరటం:

అందరికీ నమస్తే. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో మెటీరియాలజీ, ఓషనోగ్రఫీ (వాతావరణ, సముద్ర శాస్త్రాలు) పీజీ చేస్తున్నాను. ఇల్లు కూర్మన్నపాలెం. రోజూ సిటీ బస్సులో మద్దిలపాలెం దాకా రావాలి, పోవాలి. గాజువాకలో జనం ఎక్కాక ఇక సీటు మీద ఆశ ఉండదు, నిలబడే ప్రయాణం.

ప్రస్తుతం నా దగ్గరున్నది మా అన్నయ్య వాడి వదిలేసిన గేమింగ్ ల్యాప్‌టాప్. బరువు 2.3 కిలోలు. ఛార్జర్ వేరే, అదో ఇటుక. బ్యాటరీ గంట కూడా ఆగదు కాబట్టి ఆ ఇటుకని ఇంట్లో వదిలి వెళ్లడానికి లేదు. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, గొడుగు కూడా అదే బ్యాగులో. సీట్లో కూర్చున్న పెద్దావిడ ఎవరైనా జాలిపడి "ఇలాగియ్యమ్మా" అని బ్యాగు ఒళ్లో పెట్టుకుంటారు, ఆ వెంటనే "ఏటున్నాయే ఇందులో, రాళ్లేటి?" అంటారు. మళ్లీ నేనే తీసుకుని తగిలించుకుంటాను.

చేసే పని ఇదీ. బంగాళాఖాతంలో తుపాను పుట్టే ముందు రోజుల్లో సముద్రపు పైనీటి ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూడాలి. 2014 అక్టోబర్ 12న మన ఊరి దగ్గరే తీరం దాటిన హుద్‌హుద్ అందులో ముఖ్యమైనది. డేటా అంతా ఈఆర్ఏ5, అంటే గడిచిన దశాబ్దాల వాతావరణాన్ని గంటగంటకీ లెక్కకట్టిన యూరప్ వాళ్ల డేటా. పైథాన్‌లో ఎక్స్‌అరే అనే లైబ్రరీ, మ్యాపులకి క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్. కొన్ని టూల్స్ లైనక్స్‌లోనే సుఖంగా నడుస్తాయి కాబట్టి విండోస్ లోపలే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుంటాను. గేములు ఆడను. సినిమాలు ఫోన్లో చూస్తాను.

ద్వారకానగర్‌లో షాపులు తిరిగాను. కాలేజీకి అనగానే రంగురంగుల లైట్ల కీబోర్డున్నవి తీసి చూపిస్తున్నారు, తేలికది కావాలంటే మొహం అదోలా పెడుతున్నారు. చివరికి నాలుగు మిగిలాయి. మొదటిది 15.6 అంగుళాల ఐ5-12450హెచ్, 8 జీబీ ర్యామ్, 1.7 కిలోలు, 52 వేలు. రెండోది 14 అంగుళాల రైజెన్ 5 7520యూ, 16 జీబీ, 1.4 కిలోలు, 43 వేలు. మూడోది కూడా 14 అంగుళాలే, రైజెన్ 5 7530యూ, 8 జీబీ బోర్డు మీద, ఇంకో స్లాట్ ఖాళీ, 51 వేలు. నాలుగోది రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ8, 11వ తరం ఐ5, 16 జీబీ, 34 వేలు, ఆరు నెలలు షాపు వారంటీ.

ఇంట్లో అందరి ఓటూ రెండోదానికే. ర్యామ్ ఎక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ, ఇంకేం కావాలి అంటున్నారు. నాకు అర్థం కానిది ఒకటే: 7520, 7530, పేరులో ఒక్క అంకె తేడాకి ఎనిమిది వేలు ఎందుకు? అది కూడా సగం ర్యామ్‌తో?

55 దాటడానికి లేదు. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఈఎంఐ అన్న మాట మా ఇంట్లో పలకకూడదు.

స్క్రూడ్రైవర్ మావయ్య:

అమ్మా, నేను ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాణ్ని. ఊర్లోనే చిన్న షాపు. ఎక్కడో చెప్పను, బేరానికొచ్చాడు అనుకుంటారు.

ఆ ఒక్క అంకెలోనే ఉంది కథంతా. రైజెన్ 7000 నంబర్లలో మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెప్తుంది. లోపల కోర్ ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, అది 2019 నాటి డిజైను. నాలుగే కోర్లు. 7530లో మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. పైన అంటించే స్టిక్కరు మాత్రం రెండిటికీ రైజెన్ 5 అనే. ఇంకోటి, 7520యూకి పడేది ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ ఒక్కటే. అది బోర్డుకి అతికించి వస్తుంది. రేపు నువ్వు పెంచుతానన్నా కుదరదు, అది పాడైతే నేనూ మార్చలేను, బోర్డే మార్చాలి. చెడ్డదని అనను. ఇంటర్ పిల్లలకీ, బిల్లింగ్ కౌంటర్లకీ నేనే చెప్తుంటాను. నీ పనికి మాత్రం వద్దు.

12450హెచ్ బలమైనదే. కానీ హెచ్ అంటే 45 వాట్లు. ఈ ధరలో వచ్చే పల్చటి ప్లాస్టిక్ బాడీలో ఆ వేడి బయటికి పోడానికి చోటేదీ? కాసేపు దౌడు తీసి, వేడెక్కగానే తనంతట తనే నెమ్మదిస్తుంది. దానికి తోడు పెద్ద స్క్రీను, పెద్ద ఛార్జరు. బస్సులో మోసేది నువ్వు.

రీఫర్బిష్డ్ మంచి బేరమే, చూసి కొనగలిగితే. 840 జీ8లో ర్యామ్ స్లాట్లు రెండూ విప్పి మార్చుకోవచ్చు, బాడీ మెటల్, బరువు కిలోన్నర లోపే. టైప్-సీ ఛార్జర్‌తో ఎక్కుతుంది. కొనే ముందు కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తియ్యమను. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదానిలో ముప్పాతిక కంటే తక్కువుంటే కొత్త బ్యాటరీ వేసి ఇమ్మని గట్టిగా అడుగు. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులు) వెళ్లి చూడు, పాస్‌వర్డ్ అడిగిందంటే ఆ మిషన్ ముట్టుకోకు, ఏదో కంపెనీ తాళం దాని మీద ఇంకా ఉన్నట్టే.

మన ఊరికి ప్రత్యేకంగా ఇంకో మాట. వెనక మూత తీయించు. మూత తీయనివ్వని షాపులో కొనొద్దు. బ్యాటరీ కనెక్టరు దగ్గర, వైఫై కార్డు దగ్గర, స్క్రూల గుంటల్లో ఆకుపచ్చగానో తెల్లగానో పిండి పట్టినట్టు ఉందేమో చూడు. ఉప్పుగాలి చేసే పని అది. బీచ్ రోడ్డు వైపు, జాలరిపేట వైపు ఇళ్ల నుంచి వచ్చే మిషన్లలో రోజూ చూస్తుంటాను. పైకి అద్దంలా మెరుస్తుంటుంది, లోపల స్క్రూ తల తిప్పితే పొడి రాలుతుంది. అలాంటిది ఈ రోజు నడుస్తుంది, వానాకాలంలో పోతుంది.

కెరటం:

మావయ్యా, ఆ మూడో అంకె సంగతి షాపులో ఒక్కరూ చెప్పలేదు. రెండోది కొట్టేశాను. రీఫర్బిష్డ్ అంటే నాన్న "ఒకళ్లు వాడి పారేసింది మనకెందుకు" అంటున్నారు, అన్నయ్య వాడి వదిలేసింది నాకిచ్చినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు మరి.

మూడోదాంట్లో 8 జీబీ చాలుతుందా? నా పాత దాంట్లో ఫైలు తెరిచి సగటు తీయబోతే కర్సర్ గిరగిరా తిరిగి, కెర్నల్ (వెనక పైథాన్‌ని నడిపే ప్రోగ్రామ్) చచ్చిపోతుంది. అందులోనూ 8 జీబీయే.

పైథాన్ పంతులు:

కెరటం గారూ, 8 చాలదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు షాపువాడు ఏం చెప్పినా మీరే తేల్చుకోవచ్చు.

ఈఆర్ఏ5 గ్రిడ్ పావు డిగ్రీ. మీకు కావలసింది బంగాళాఖాతం, అంటే సుమారు 5 నుంచి 25 ఉత్తర అక్షాంశం, 80 నుంచి 100 తూర్పు రేఖాంశం. అటు 81 బిందువులు, ఇటు 81, మొత్తం 6,561. గంటకొకటి చొప్పున ఏడాదికి 8,760 సమయాలు. ఒక్కో విలువకి 4 బైట్లు. గుణిస్తే ఏడాదికి ఒక్క వేరియబుల్ 230 ఎంబీ. ఇది ఏ ల్యాప్‌టాప్‌కైనా చిటికెలో పని. 40 ఏళ్లు ఒకేసారి తెరిస్తే 9.2 జీబీ. అందులోంచి సగటు తీసేసి అనామలీ (సగటు నుంచి తేడా) లెక్కిస్తే అంతే సైజులో ఇంకో కాపీ తయారవుతుంది. మీ కెర్నల్ చచ్చిపోయేది సరిగ్గా అక్కడే. ప్రాసెసర్ చేతకాక కాదు, చోటు లేక.

పైగా మీరు డబ్ల్యూఎస్ఎల్ అంటున్నారు. అది మామూలుగా మిషన్‌లో ఉన్న ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. 8 ఉంటే లైనక్స్‌కి దక్కేది 4. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ హద్దు పెంచుకోవచ్చు, కానీ అప్పుడు విండోస్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

కాబట్టి ఖాళీ స్లాట్‌లో 8 జీబీ డీడీఆర్4-3200 స్టిక్ వేయించండి. మొత్తం 16 అవడమే కాదు, డ్యూయల్ ఛానల్‌లో అంటే రెండు దారుల్లో ఒకేసారి నడుస్తుంది, పెద్ద అంకెల పట్టికల (ఎరేల) లెక్కలకి అది బాగా తెలుస్తుంది. ర్యామ్ ధరలు 2025 చివర్లో బాగా పెరిగాయి, తర్వాత చూద్దాం అని వదిలేయకుండా కొన్నప్పుడే వేయించుకోవడం మంచిది. ఆ పైన ఎక్స్‌అరేలో ఫైలు తెరిచేటప్పుడు చంక్స్ ఇవ్వండి, వెనక డాస్క్ అనే లైబ్రరీ ముక్కలు ముక్కలుగా చదువుకుంటుంది, 40 ఏళ్లూ ఒకేసారి ర్యామ్‌లోకి ఎక్కవు. మొత్తం ప్రపంచం డౌన్‌లోడ్ చేసి ఇంటికొచ్చాక కత్తిరించడం కూడా మానండి. ఈఆర్ఏ5 ఇచ్చే కోపర్నికస్ సైట్‌లో అభ్యర్థన పెట్టేటప్పుడే ఏరియా ఇవ్వచ్చు. ప్రపంచమంతా అయితే ఒక్క వేరియబుల్‌కి ఏడాదికి 36 జీబీ అవుతుంది ఇదే లెక్కన.

స్క్రీను గురించి ఎవరూ ఎత్తలేదు. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీను చూపగల రంగుల కొలత) అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. మీ మ్యాపులో 29 డిగ్రీల నారింజ, 31 డిగ్రీల ఎరుపు ఒక్కలాగే కనిపిస్తాయి, ప్రింటు తీశాక గానీ తేడా తెలియదు. అలాంటిదే ఇంకో కొలత ఎస్ఆర్‌జీబీ, అది 100 శాతం దొరికితే ఓ వెయ్యి ఎక్కువైనా పెట్టండి. దొరక్కపోతే బాధపడకండి, డిపార్ట్‌మెంట్‌లో మానిటర్‌కి తగిలించుకోండి.

రుషికొండ తమ్ముడు:

అక్కా, మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 చూశావా? 2020 మోడలే అయినా ఇప్పటికీ పరుగే. 1.29 కిలోలు. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. నేను పొద్దున్న ఛార్జింగ్ పెట్టి తీస్తే హాస్టల్‌కి వచ్చేదాకా చూసుకోను. సెకండ్‌హ్యాండ్‌లో నీ బడ్జెట్‌లోనే దొరుకుతుంది.

స్క్రూడ్రైవర్ మావయ్య:

తమ్ముడూ, మిషన్ మంచిదే, కాదనను. కానీ ఆ ధరకి దొరికేది 8 జీబీ, 256 స్టోరేజీది. రెండూ బోర్డు మీదే, పెంచేది లేదు. పంతులుగారు ఇప్పుడే లెక్క కట్టి చూపించారు కదా. ఫ్యాన్ లేకపోవడం నీకు సుఖం, ఆ అమ్మాయి గంటసేపు లెక్కలు నడిపితే అదే ఇబ్బంది. పైగా ఉప్పుగాలికి బోర్డు పోయిందంటే, దాని రిపేరు బిల్లులో ఇంకో ల్యాప్‌టాప్ వస్తుంది.

కెరటం:

మూడోదే. ఇంట్లో ఒప్పుకున్నారు, 7520 బదులు 7530 ఎందుకో నాన్నకి ఆ మూడో అంకెతోనే చెప్పాను, ఆయనకి లెక్క కనిపిస్తే చాలు. 8 జీబీ స్టిక్‌తో కలిపి 54,800 చెప్పారు. స్క్రీన్ 45 శాతం రకమే, పంతులు గారూ, దానికి సర్దుకుంటాను.

రెండు అనుమానాలు. షాపులోనే మూత తీసి ర్యామ్ వేస్తే కంపెనీ వారంటీ పోతుందా? బ్యాగులో ఛార్జర్ బరువు తగ్గించడానికి నా ఫోన్ టైప్-సీ ఛార్జర్ పనికొస్తుందా?

స్క్రూడ్రైవర్ మావయ్య:

వారంటీ సంగతి బ్రాండుని బట్టి ఉంటుంది. కస్టమర్ కేర్‌కి మోడల్ నంబర్ చెప్పి ముందే అడుగు, వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే వేయించు. షాపులో అయితే స్టిక్ సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించు. పెట్టగానే టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర 16 చూపిస్తోందో లేదో అక్కడే చూసుకో.

ఛార్జర్‌కి రెండు చూడాలి. ల్యాప్‌టాప్ టైప్-సీ పోర్టు పవర్ డెలివరీ (టైప్-సీ ద్వారా ఛార్జింగ్) తీసుకోవాలి, కొన్నిట్లో ఆ పోర్టు డేటాకే ఉంటుంది. తీసుకుంటే 65 వాట్ల గ్యాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసే చిన్న రకం) ఛార్జర్ ఒకటి కొనుక్కో, అరచేతిలో పడుతుంది, ఫోన్‌కీ అదే వాడొచ్చు. ఫోన్‌తో వచ్చిన ఛార్జరు మీద ఎన్ని వాట్లు రాసున్నా, ల్యాప్‌టాప్‌కి ఇవ్వగలిగేది చాలాసార్లు అంతకంటే తక్కువే. షాపులో ఉండగానే గుచ్చి చూడు, స్లో ఛార్జర్ అని కింద మూలన చూపిస్తే అది ఇంట్లో ఫోన్‌కే ఉంచు.