మిషన్ కోసిన వరి కొయ్యలు: కాల్చకుండా 20 రోజుల్లో నాట్లు వేయగలమా?

ప్రశ్న (సూర్యాపేట వైపు నుంచి):
నాలుగెకరాలు. వానాకాలం వరి మిషన్‌తో కోయించాను. కొయ్యలు మోకాలెత్తున ఉన్నాయి, మీద గడ్డి వరసలు అలాగే పడి ఉన్నాయి. నారు పోసేశాను, 20 రోజుల్లో నాట్లు పడాలి. చుట్టుపక్కల అందరూ అగ్గి పెడుతున్నారు. పోయినేడు నేనూ పెట్టాను. గాలి మళ్లి గట్టు మీది పైపులు, స్టార్టర్ డబ్బా కాలిపోయాయి. ఈసారి వేరే దారి ఉందా అన్నా?

జవాబు (హుజూర్‌నగర్):
ఉంది తమ్ముడూ. ముందు ఆ వరసల గడ్డి తీయించు. కట్టలు కట్టే మిషన్ దొరికితే మంచిది, లేదంటే పశువులున్నవాళ్లకు ఊరికే ఇచ్చినా నీకే లాభం. గడ్డంతా ఉండగా దున్నితే రోటవేటర్‌కు చుట్టుకుని డ్రైవర్ తిడతాడు. తర్వాత నీళ్లు పెట్టి, ఎకరానికి 3 బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి రోటవేటర్ వేయించు. కనీసం రెండు వారాలు మురగనివ్వాలి.

ప్రశ్న:
సూపర్ ఖర్చు అదనం కదా?

జవాబు (హుజూర్‌నగర్):
కాదు. దుక్కిలో ఎలాగూ వేసే భాస్వరమే అది. సూపర్ బస్తాలో 8 కిలోలుంటుంది. 3 బస్తాలు వేస్తే ఒక డీఏపీ బస్తా మానేయొచ్చు. డీఏపీతో వచ్చే నత్రజని మాత్రం యూరియాతో సరిపెట్టుకో.

జవాబు (మిర్యాలగూడ):
తొందరపడకండి. నేను దున్నిన వారానికే నాటాను. పైరు పసుపెక్కింది, మడిలో అడుగు వేస్తే బుడగలు, కుళ్లు వాసన. మురిగే గడ్డి ముందు నత్రజనిని తనే తినేస్తుంది. మా ఆవిడ యూరియా చల్లమంది, నేనూ సరేనన్నాను, పెద్దగా పని చేయలేదు. నీళ్లు తీసేసి, సన్న నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టాకే కోలుకుంది.

ప్రశ్న:
గడ్డిని త్వరగా మురగబెట్టే సూక్ష్మజీవుల మందు, అదే పూసా డీకంపోజర్, కొట్టనా? బూడిద కూడా బలమే అంటాడు మా నాన్న.

జవాబు (వ్యవసాయం చదివినవాణ్ని):
డీకంపోజర్‌కు 20-25 రోజులు కావాలి, మీకు అంత టైం లేదు. నాన్నగారి మాట పూర్తిగా అబద్ధం కాదండీ, పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది. కానీ టన్ను గడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని ఉంటుంది, కాలిస్తే అది దాదాపు మొత్తం పొగలో పోతుంది. పైమట్టిలో ఉండే సూక్ష్మజీవులూ చస్తాయి.

ప్రశ్న:
సరే, కట్టల మిషన్‌కు చెప్పాను, గురువారం వస్తానన్నాడు. కాలువ పక్క మూల ఇంకా బురదగా ఉంది, అక్కడ మిషన్ దిగదు.

జవాబు (హుజూర్‌నగర్):
ఆ మూల గడ్డి ఇద్దరు కూలీలతో గట్టు మీదికి లాగించు. ఒక పూట పని.