పటంలో ఉన్న ముత్యాలు పెట్టెలో కూడా ఉన్నట్టేనా?

పాలమూరు పోరడు:
మాది నాగర్‌కర్నూల్ వైపు. ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. గడీలో మిగిలిన ఒకే ఒక్క పెద్ద పటం దొరసానిది. ఆయిల్ రంగులు, మెడలో ఏడు పేటల ముత్యాల హారం, చెవులకు ముత్యాల బుట్టకమ్మలు, ముక్కుకు నత్తు. వేసినవాళ్ల సంతకం లేదు, సంవత్సరం లేదు. దాని కింద ‘బస్రా ముత్యాల సత్లడా ధరించిన దొరసాని’ అని రాయాలని కమిటీలో సగం మంది (సత్లడా అంటే ఏడు పేటల హారం). పటంలో ఉంటే ఆమెకు ఉన్నట్టేనా అని మిగతా సగం. పుస్తకం ప్రెస్‌కు వెళ్లే టైమ్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

గడీల చరిత్ర:
ఇందులో అనుమానం ఏముంది? నిజాం రాజ్యంలో ముత్యమంటే హోదా. గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలకు హైదరాబాద్ పెద్ద బజారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్న 173 నిజాం నగల్లో సత్లడా కూడా ఉంది. ఏడు పేటలు, 465 ముత్యాలు. దర్బారును చూసి వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ సంస్థానాలు నేర్చుకున్నాయి, వాళ్లను చూసి దేశ్‌ముఖ్‌లు నేర్చుకున్నారు. పట్నం నుంచి చిత్రకారుణ్ణి పిలిపించుకునే స్థోమత ఉన్న ఇంట్లో లేని నగ వేయించుకోవాల్సిన ఖర్మ ఏం పట్టింది?

పటాల పిచ్చి:
కొనగలరా లేదా అన్నది కాదు సార్ ఇక్కడి సంగతి. పటాన్ని పట్టుకొని ‘ఉండేది’ అని రాయొచ్చా అన్నది. దక్కన్ రాణి చాంద్ బీబీ సంగతే చూడండి. ఆమె పోయింది 1600 ప్రాంతంలో. గుర్రమెక్కి డేగతో వేటకు వెళ్తున్నట్టుగా మనం చూసే పటాలు చాలావరకు 18వ శతాబ్దంలో దక్కన్‌లో గీసినవి. గీసినవాడు ఆమెను చూడలేదు, ఆమె నగల పెట్టె అసలే చూడలేదు. రాణి కాబట్టి ముత్యాలు పెట్టాడు. సూక్ష్మచిత్రాల్లో ముత్యమంటే తెల్ల రంగును కాస్త ఉబ్బెత్తుగా పెట్టిన చుక్క. చేతికి అలవాటైన పని, ఎన్ని కావాలంటే అన్ని పెట్టొచ్చు.

యూరప్‌లోనూ ఇదే తంతు. ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ పటాల్లో రొమ్ము మీద పెద్ద ముత్యపు లోలకం కనిపిస్తుంది. అది లా పెరెగ్రీనా అనే ప్రసిద్ధ ముత్యమేనని చాలా కాలం రాసుకున్నారు. ఆమె 1558లోనే చనిపోయింది, పనామా నుంచి ఆ ముత్యం స్పెయిన్ రాజుకు చేరింది ఆ తర్వాతేనని ఇప్పుడు పరిశోధకులు చెప్తున్నారు. పటంలో ఒక ముత్యం ఉంది, బయట ఒక ముత్యానికి పేరుంది, రెండూ కలిపేశారు. మీ కమిటీ చేయబోయేది కూడా ఇదే. కాన్వాస్ మీద తెల్ల రంగే ఉంది, బస్రా అనీ సత్లడా అనీ ఎవరూ రాసి లేదు.

డచ్ చిత్రకారుడు వెర్‌మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు చెవికమ్మ అమ్మాయి’ పటమైతే ఇంకా తమాషా. మ్యూజియంవాళ్లే పరీక్ష చేసి చూస్తే ఆ ముత్యాన్ని చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. తెలుపు పూతలు రెండు మూడు, అంతే.

నల్లగొండ టీచరమ్మ:
అట్లాగని పటాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. జహంగీర్ 1614లో జబ్బు తగ్గాక అజ్మీర్ ఖ్వాజా మీద భక్తితో చెవులు కుట్టించుకొని ముత్యాలు పెట్టుకున్నాడు. ఆయనను చూసి దర్బారులో వాళ్లూ కుట్టించుకున్నారు. జహంగీర్ పటంలో చెవికి ముత్యం ఉంటే అది 1614 తర్వాతదని పండితులు లెక్క కడతారు. గీసినవాళ్లు కళ్లతో చూసింది గీశారు కాబట్టే ఆ లెక్క కుదురుతుంది.

పటాల పిచ్చి:
మేడమ్, అక్కడ ఆ సంగతి జహంగీర్ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నాడు. రాత ఉంది, పటం దానికి తోడైంది. దొరసాని విషయంలో రాత ఎక్కడ?

నల్లగొండ టీచరమ్మ:
ఎక్కడి నుంచి తెస్తారు నాయనా! మా వైపు 1946-51 సాయుధ పోరాటంలో గడీల అప్పుపత్రాలు తగలబెట్టారు, దొరలు పట్నం పారిపోయారు. పద్దు పుస్తకం చూపిస్తేనే నమ్ముతానంటే తెలంగాణ పల్లెల చరిత్రలో సగం రాయలేం. ఇంకో మాట. పరదాలో ఉండే ఆడవాళ్ల ముందు మగ చిత్రకారుడు ఎంతసేపు కూర్చోగలడు? ఆ ఇబ్బంది ఉందనే ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టి, ఫొటోలు తీయడానికి ఆడవాళ్లనే పెట్టాడు. ఈ పటం కూడా ఏదో ఫొటో చూసి వేసిందే అయ్యుండొచ్చు. ఫొటోలో హారం ఉంటే మెడలోనూ ఉన్నట్టే.

పత్తర్‌గట్టి కుర్రోడు:
దేవరకొండ నుంచి వచ్చి ముత్యాల షాపులో పనిచేస్తున్నాను. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో అసలుదీ గాజుదీ నేను కూడా పోల్చలేను. చేతిలో పట్టుకుంటే బరువు, చల్లదనం తెలుస్తాయి. పళ్లకు రాస్తే అసలుది కొంచెం గరగర అంటుంది. ఫొటోను పళ్లకు రాయలేం కదా. చేప పొలుసుల రసంతో నకిలీ ముత్యాలు చేయడం ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దంలోనే మొదలైంది. 1920ల నుంచి జపాన్ పెంపకం ముత్యాలు కూడా బజారుకు వచ్చాయి. పటం ఆ తర్వాతదైతే ‘బస్రా’ అన్న మాటకు ఇంకా దూరం. ఒక్కటి చూడండి అన్నా. పాత బస్రా పేటల్లో గింజలు అచ్చంగా ఒకే సైజులో ఉండవు, రంగులో కూడా కాస్త పసుపు, కాస్త గులాబీ తేడాలుంటాయి. పటంలో అన్నీ ఒకేలా ఉన్నాయా?

కూలోల్ల మనుమడు:
మా తాత అలాంటి గడీలోనే వెట్టి చేసిండు. మీరంతా ఆ ముత్యాలు అసలువా నకిలీవా అని కొట్టుకుంటున్నారు. ఆ పటం పెట్టిందే కింద నిలబడ్డోడు చూసి జంకాలని. గాజుపూసలైనా పని అయిపోయింది. పుస్తకంలో దొరసాని నగకు ఒక లైను ఇస్తున్నారు, ఆ ఊరి శిస్తు ఎంత, వెట్టి చేసిన ఇళ్లు ఎన్ని అన్నదానికి ఎన్ని లైన్లు ఇచ్చారు?

గడీల చరిత్ర:
తమ్మీ, అది వేరే చర్చ.

కూలోల్ల మనుమడు:
వేరే ఎట్లా అయితది అన్నా? హారం కొన్న పైసలు ఎక్కడివి?

పటాల పిచ్చి:
ఆయన అడిగింది నాకు న్యాయంగానే ఉంది. పోరడూ, వీలైతే పటం దగ్గరికి టార్చి పట్టుకెళ్లి పక్క నుంచి వెలుతురు వేసి చూడు. పాత ఆయిల్ రంగు పగులుతుంది. మామూలుగా చీర వేశాక దాని మీదే నగలు వేస్తారు, కాబట్టి ముత్యాలు పైన ఉన్నాయంటే ఏమీ తేలదు. పగులు చూడాలి. చీరా ముత్యమూ కలిపి ఒకే గీతలో పగిలితే రెండూ ఒకసారి వేసినవి. చీర పగుళ్లలోకి ముత్యాల తెలుపు దిగి ఉంటే అది ఏళ్ల తర్వాత కలిపింది. తడిగుడ్డతో మాత్రం తుడవొద్దు.

పాలమూరు పోరడు:
చూసొచ్చాను. గింజలన్నీ ఒకే సైజు, మెరుపు చుక్క అన్నింటికీ ఎడమవైపు ఒకే చోట ఉంది. పైన ఐదు పేటలు చీరతో కలిసే పగిలాయి. కింది రెండు పేటల దగ్గర తెల్ల రంగు పగుళ్లలోకి దిగింది. ఫొటోలు తీశాను, మీరూ చూడండి.

పటాల పిచ్చి:
అంటే మొదట ఐదు పేటలే. ఎవరో తర్వాత ఏడు చేయించారు. నిజాం సత్లడాతో సమానంగా కనిపించాలని అయ్యుంటుందని నా అంచనా.

గడీల చరిత్ర:
తర్వాత ఇంకో రెండు పేటలు కొన్నారేమో! ఉన్న నగకు తగ్గట్టు పటాన్ని సరిచేయించుకున్నారని ఎందుకు అనుకోకూడదు?

నల్లగొండ టీచరమ్మ:
రెండూ సాధ్యమే. కానీ ఏది నిజమైనా ‘బస్రా సత్లడా ధరించిన’ అన్న వాక్యం నిలబడదు. ఇట్లా రాయండి: ‘దొరసాని, ఆయిల్ రంగులు, చిత్రకారుడు తెలియదు. హారంలో కింది రెండు పేటలు తర్వాత చేర్చినవి.’

పాలమూరు పోరడు:
అదే వేస్తున్నాం మేడమ్. ఎదుటి పేజీలో ఫొటో తీసేసి, ముసలోళ్లు చెప్పిన వెట్టి ఇళ్ల పేర్లు పెడుతున్నాం. కమిటీలో ఒకాయన అలిగి వెళ్లిపోయాడు.

గడీల చరిత్ర:
ఆయన ఫోన్ నంబర్ నాకు పంపు, నేను మాట్లాడతాను.