తెల్ల కార్డు లేనివాళ్లకూ ఆరోగ్య బీమా వస్తుందా?

కృష్ణలంక కుర్రాడు:
నాన్నకు చిన్న కిరాణా కొట్టు. ఐటీ కడుతున్నారని తెల్ల కార్డు తీసేశారు, ప్రైవేటు పాలసీ తీసుకుందామంటే షుగర్ ఉందని ప్రీమియం మోయలేనంత చెప్తున్నారు. 2025 సెప్టెంబరులో ఏపీ కేబినెట్ ఒప్పుకున్న యూనివర్సల్ హెల్త్ పాలసీ మాలాంటివాళ్లకు వర్తిస్తుందా? ఇంట్లో అందరికీ ఇదే టెన్షన్.

విశాఖ వాసి:
వర్తించేలాగే రూపొందించారండి. ఆదాయంతో సంబంధం లేకుండా కుటుంబానికి ఏడాదికి 2.5 లక్షల దాకా బీమా కంపెనీ కడుతుంది, అది దాటితే పేద కుటుంబాలకు 25 లక్షల దాకా రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుంది. మొత్తం 1.63 కోట్ల కుటుంబాలని ప్రభుత్వం లెక్క.

రాయలసీమ రవి:
మధ్యతరగతిని కలపడం చాలా మంచిది, ఎప్పుడో చేయాల్సింది. నా భయమల్లా బీమా కంపెనీల గురించే. ట్రస్టుకి లాభం అక్కర్లేదు, కంపెనీకి కావాలి కదా, క్లెయిమ్‌కి కొర్రీలు పెడితే రోగి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ట్రస్టే కడుతున్నప్పుడే బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ట్రస్టుతో ఒప్పందం ఉన్నవి, సేవలు ఆపేశాయి. ముందు డబ్బు టైముకి కట్టాలి.

ఏలూరు అక్క:
తమ్ముడూ, నాన్నగారికి 70 నిండాయా? నిండితే ఇప్పుడే ఆధార్‌తో కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి, ఆదాయం అడగరు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం. కాకపోతే ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, నెలనెలా కొనే షుగర్ మాత్రలకు రాదు.