క్షమించమన్న సొలొవ్యోవ్ చివరికి కత్తి పక్షం చేరాడా?

తూర్పుగాలి:
కొన్నాళ్ళుగా వ్లదీమిర్ సొలొవ్యోవ్ (1853–1900) గురించి చదువుతున్నాను. రష్యన్ మత తత్వవేత్త, కవి. 1878లో మూడేళ్ళయినా నిండని కొడుకు పోయి కుంగిపోయిన దోస్తయెవ్‌స్కీ వెంట ఆప్తినా మఠానికి వెళ్ళింది ఈయనే. తర్వాతి తరంలో బ్లోక్, బేలీ లాంటి కవులు ఈయన ప్రభావంలోనే పెరిగారు.

ఒక్క విషయం మాత్రం కొరుకుడు పడటం లేదు. 1881 మార్చి 1న జార్ రెండో అలెగ్జాండర్‌ను బాంబు వేసి చంపారు. నెల తిరక్కుండానే, మార్చి 28న, పీటర్స్‌బర్గ్‌లో నిండు సభలో సొలొవ్యోవ్ లేచి, కొత్త జార్ నిజమైన క్రైస్తవుడైతే తండ్రిని చంపినవాళ్ళను క్షమించాలన్నాడు. ఆ మనిషే 1900లో 'మూడు సంభాషణలు' రాసి, టాల్‌స్టాయ్ అహింసను ఎదిరించి, యుద్ధం కొన్నిసార్లు ధర్మమేనన్నాడు. ఆయన మారిపోయాడంటారా? చదివినవాళ్ళు చెప్పండి.

నల్లరేగడి:
మారాడండీ, అందులో అనుమానమేముంది? 1881లో టాల్‌స్టాయ్ కూడా అదే కొత్త జార్‌కు అదే విన్నపం చేస్తూ ఉత్తరం రాశాడు. అందజేయమని జార్‌కు సలహాదారైన పబెదొనోస్త్సెవ్‌ను అడిగితే ఆయన కుదరదన్నాడు. అంటే ఆ రోజుల్లో ఇద్దరిదీ ఒకే మాట. టాల్‌స్టాయ్ ఆ మాట మీదే నిలబడ్డాడు, సొలొవ్యోవ్ దిగిపోయాడు.

ఇంకో రుజువు కావాలంటే 1900 వేసవిలో రాసిన 'డ్రాగన్' కవిత చూడండి. చైనాలో బాక్సర్ తిరుగుబాటును అణచడానికి సైన్యం పంపుతున్న జర్మన్ చక్రవర్తి విల్హెల్మ్‌ను పొగుడుతూ రాశాడు. సిలువా కత్తీ ఒకటేనని నీకు అర్థమైందని మెచ్చుకున్నాడు! ఆ అణచివేతకు బ్రిటిష్‌వాళ్ళు మన దేశపు సిపాయిలను కూడా తీసుకెళ్ళారు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదివితే ఆ కవిత మింగుడుపడదు.

లాంతరు:
నల్లరేగడి గారూ, కవిత దగ్గరికి తర్వాత వస్తాను. ముందు 1881 సభ దగ్గర కాసేపు ఆగుదాం.

ఆయనకప్పుడు 28 ఏళ్ళు. ఉపన్యాసం చివర్లో ఆ మాట అనగానే హాల్లో ఒకవైపు నుంచి తిట్లు, ఇంకోవైపు నుంచి కుర్రవాళ్ళ కేకలూ చప్పట్లూ. సరిగ్గా ఏ మాటలు వాడాడో విన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. కానీ తర్వాత జార్‌కు ఆయన రాసిన ఉత్తరం మనకు మిగిలింది. అంత టెన్షన్‌లో కూడా అందులో తన నమ్మకాన్ని వదులుకోలేదు. బహిరంగ ఉపన్యాసాలు ఆపమన్నారు, ఆ ఏడాదే ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత సొంత గూడంటూ లేకుండా హోటళ్ళలో, స్నేహితుల ఇళ్ళల్లో బతుకు వెళ్ళదీశాడు. జార్ హత్యకు శిక్షపడ్డ ఐదుగురినీ ఏప్రిల్ 3న ఉరితీశారు. వాళ్ళలో ఆ దాడిని నడిపించిన సోఫియా పెరోవ్‌స్కయా ఒకరు.

ఇప్పుడు చెప్పండి, ఆయన క్షమించమన్నది ఎవరిని? పట్టుబడి, సంకెళ్ళతో జైల్లో ఉన్నవాళ్ళను. వాళ్ళను చంపితే కొత్తగా నిలబడే ప్రాణం ఒక్కటీ లేదు. 'మూడు సంభాషణలు'లో వాదించుకునే పాత్రల్లో ఒకడైన జనరల్ చెప్పే కథ వేరు. అక్కడ బాషీబజూక్‌ల (టర్కీ సుల్తాను తరఫు కిరాయి సైనికుల) గుంపు ఆర్మేనియన్లను తగలబెట్టి, తల్లి కళ్ళెదుటే పసిబిడ్డను నిప్పుల మీద కాల్చి చంపింది. ఆ గుంపు ఇంకా ఆయుధాలతో తిరుగుతూనే ఉంది. జనరల్ ఫిరంగులతో వాళ్ళను తుడిచిపెట్టి, తన జీవితంలో మనసుకు నెమ్మది ఇచ్చిన పని అదేనంటాడు. చేతులు కట్టేసి ఉన్నవాడినీ చేత కత్తి పట్టినవాడినీ ఒకే గాట కట్టకూడదన్నదే సొలొవ్యోవ్ వాదన.

ఆయన మారలేదనడానికి నా దగ్గరున్న గట్టి పాయింట్ ఇది. 1897లో వచ్చిన ఆయన పెద్ద నీతిశాస్త్ర గ్రంథం 'మంచికి సమర్థన'లో యుద్ధం మీద ఒక అధ్యాయం, నేరమూ శిక్షల మీద ఇంకో అధ్యాయం ఉన్నాయి. యుద్ధానికి చోటిచ్చిన ఆ పుస్తకంలోనే మరణశిక్షను గట్టిగా కాదన్నాడు. కత్తి పక్షం చేరినవాడైతే ఉరితాడును ఎందుకు కాదంటాడు?

గాంధీగారి వల్ల టాల్‌స్టాయ్ మనకు ఇంటిమనిషి అయ్యాడు. ఆయన్ని ఎదిరించాడనగానే మనకు ముందు కోపమొస్తుంది. ఆ కోపం నాకూ వచ్చింది, రెండోసారి చదివాక తగ్గింది.

గట్టుమీద:
చిన్న సందేహం. 'మూడు సంభాషణలు' చివర వచ్చే అంత్యక్రీస్తు (లోకాంతానికి ముందు వచ్చే క్రీస్తు విరోధి) కథలో అంత్యక్రీస్తు శాకాహారి, దయాళువు, ప్రపంచానికి శాంతి తెచ్చే చక్రవర్తి కదా? అంటే శాంతి కోరేవాళ్ళంతా దొంగలనేనా ఆయన ఉద్దేశం?

లాంతరు:
కాదండీ. క్రీస్తును పక్కకు తోసి, ఆయన పేరు మాత్రం వాడుకునే మంచితనం అంటే సొలొవ్యోవ్‌కు భయం. టాల్‌స్టాయ్ మీద ఆయన అసలు ఫిర్యాదు కూడా అదే: క్రీస్తు చనిపోయి తిరిగి లేచాడని నమ్మనప్పుడు ఆ బోధను క్రైస్తవమని ఎందుకు పిలవాలి? ఇంకో సంగతి, జనరల్ మాటే తన మాట అని రచయిత ఎక్కడా అనలేదు. జనరల్ మాటలో కొంత నిజం ఉందనీ, తాను మాత్రం మిస్టర్ జడ్ అనే ఇంకో పాత్ర పక్షమనీ ముందుమాటలోనే రాశాడు.

నల్లరేగడి:
ఒప్పుకుంటాను, 1897 పుస్తకం సంగతి నాకు తెలియదు. మరి కవిత? మీ లెక్కే తీసుకుందాం. సంకెళ్ళ మనిషికి ఒక న్యాయం, కత్తి పట్టినవాడికి ఒక న్యాయం. చైనాలో దేశం ఎవరిది? కత్తి పట్టుకుని ఓడలెక్కి వెళ్ళింది ఎవరు? 1894లోనే 'పాన్‌మంగోలిజం' అనే కవితలో తూర్పు జనాన్ని ముంచుకొచ్చే ఉప్పెనలా చూపించాడు. మనుషులను తగలబెట్టేవాళ్ళ మీద అంత కోపం తెచ్చుకున్న మనిషి, తన వైపువాళ్ళు ఊళ్ళు తగలబెడితే చూడలేకపోయాడు.

లాంతరు:
ఇక్కడ నా దగ్గర జవాబు లేదండీ. ఆ కవిత తప్పు. ఆయన చెప్పిన కొలతతోనే కొలిస్తే తప్పు. దాన్ని వెనకేసుకురాను.

కానీ అది రాసిన ఐదు వారాలకే ఆయన పోయాడు, 47 ఏళ్ళకే. మాస్కో దగ్గర ఉజ్కొయెలో, స్నేహితులైన త్రుబెత్‌స్కోయ్‌ల ఇంట్లో. ఆ చివరి రోజుల్లో యూదుల కోసం ప్రార్థించాలి, నన్ను నిద్రపోనివ్వకండి అని అడిగి, హీబ్రూలో కీర్తన చదివాడు. యూదుల మీద ద్వేషం మామూలైపోయిన దేశంలో, వాళ్ళ పక్షాన ఏళ్ళ తరబడి రాసిన మనిషి. సొంత జనం కాని వాళ్ళ కోసం అంత తపించినవాడు చైనా దగ్గరికొచ్చేసరికి ఎందుకు అలా అయ్యాడన్నది నన్నూ బాధపెడుతోంది.

నల్లరేగడి:
లాంతరు గారూ, కవిత మీద నా మాట మారదు. 1881 మీద మాత్రం మార్చుకుంటున్నాను, అక్కడి నుంచి ఆయన దిగిపోలేదు. ఆ మరణశిక్ష అధ్యాయం మీ దగ్గరుంటే రెండు పేరాలు తెలుగు చేసి ఇక్కడ పెట్టగలరా?

లాంతరు:
ఆదివారం కూర్చుంటాను.