ఉచిత యాంటీవైరస్ ఉంచాలా, తీసేయాలా? పాత కంప్యూటర్లు వాడుతున్నవాళ్లు చెప్పండి

అరండల్‌పేట డీటీపీ
అందరికీ నమస్కారం. గుంటూరులో మాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. మూడు పాత డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్, విండోస్ 10. అన్నింట్లోనూ ఒక ఉచిత యాంటీవైరస్ వేయించాం. పొద్దున సిస్టం ఆన్ చేసి డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తెరుచుకునేసరికి కస్టమర్లు వచ్చి నిలబడిపోతున్నారు. పని మధ్యలో "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ప్రీమియం తీసుకోండి" అని ఒక బాక్సు లేస్తుంది. అది చూసి "మీ సిస్టంలో వైరస్ ఉందా అండీ, నా పెన్‌డ్రైవ్ ఇచ్చేయండి" అంటున్నారు.

స్లో సంగతి అలా ఉంచితే, మనం చూసే సైట్లన్నీ రాసుకుని ఇవి అమ్ముకుంటాయని మా తమ్ముడు అంటున్నాడు. మా దగ్గరికి వచ్చేవి ఆధార్‌లు, పాన్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు. జనం నమ్మి చేతిలో పెడుతున్నారు. నా టెన్షన్ అంతా అదే. తీసేసినవాళ్లు ఎవరైనా ఉంటే తర్వాత ఏం జరిగిందో చెప్పండి.

గవర్నర్‌పేట సర్వీస్
విజయవాడలో రిపేర్లు చేస్తుంటాను. స్లో అని మా టేబుల్ మీదికి వచ్చే పాత సిస్టంలలో చాలావాటిది ఇదే పరిస్థితి. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ అని ఉన్న వరుస చూడండి. ఎప్పుడు చూసినా 100 శాతం దగ్గరే ఉంటే ర్యామ్ కొనడానికి తొందరపడకండి. మీరు ఏ ఫైలు తెరిచినా యాంటీవైరస్ ముందు తను చదివి, తర్వాత మీకు వదులుతుంది. తిరిగే హార్డ్‌డిస్క్‌లో చదివే హెడ్ ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు. స్కాను, విండోస్ అప్‌డేటు, మీ తెలుగు ఫాంట్లు అన్నీ ఒకేసారి దాని మీద పడితే పొద్దున పూట మీరు చెప్పినట్టే ఉంటుంది. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించండి, ఇంకేం మార్చకపోయినా తేడా తెలుస్తుంది.

ఇంకోటి. ఉచితవి ఒంటరిగా రావు. ఒక బ్రౌజరు, ఒక క్లీనరు, డ్రైవర్ అప్‌డేటరు, వీపీఎన్ ట్రయలు వెంట వస్తాయి. టిక్కులు చూడకుండా నెక్స్ట్ నొక్కితే అన్నీ దిగి, సిస్టంతో పాటే ఆన్ అవుతాయి. కొన్నిట్లో కంప్యూటర్ కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరిపోయి అలాగే ఉంటుంది, దాని మీద ఇంకొకటి వేస్తారు. రెండూ ప్రతి ఫైలునీ పట్టుకుని లాగుతుంటాయి.

బ్రాడీపేట నుంచి
మీ తమ్ముడు చెప్పింది గాలి కబురు కాదు. అవాస్ట్ అనే యాంటీవైరస్ విషయంలో అది బయటపడింది. ఆ కంపెనీకి జంప్‌షాట్ అని ఒక అనుబంధ సంస్థ ఉండేది. యాంటీవైరస్ ద్వారా, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారా పోగుచేసిన బ్రౌజింగ్ సమాచారాన్ని 2014 నుంచి 2020 జనవరి వరకు వందకు పైగా సంస్థలకు అమ్మారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024 ఫిబ్రవరిలో 1.65 కోట్ల డాలర్లు కట్టాలని, ప్రకటనల కోసం బ్రౌజింగ్ సమాచారం అమ్మకూడదని చెప్పింది. దానికి ముందే, 2019 డిసెంబర్‌లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు అవాస్ట్ ఎక్స్‌టెన్షన్లను తమ స్టోర్ నుంచి తీసేశారు. 2020 జనవరిలో పత్రికల్లో అంతా బయటికొచ్చాక జంప్‌షాట్‌ని మూసేశారు.

"పేర్లు తీసేసే అమ్మాం కదా" అన్నది వాళ్ల వాదన. కానీ ప్రతి బ్రౌజర్‌కీ ఒక గుర్తింపు నంబరు, ఏ సైటు ఏ సెకనులో తెరిచారో ఆ సమయం, ఊరు కూడా అందులో ఉండేవి. గుంటూరు నుంచి ఒకే నంబరు మీద రోజూ ఒక స్కూలు లాగిన్ పేజీ, ఒక డయాగ్నస్టిక్ రిపోర్టు పేజీ, ఒక బ్యాంకు లోన్ పేజీ కనిపిస్తే, ఆ మనిషి ఎవరో కనుక్కోడానికి పేరు అక్కర్లేదు. రోగం, అప్పు, పిల్లల చదువు అన్నీ ఒక్క వరుసలో దొరికిపోతాయి. నాకు కోపం తెప్పించేది ఇదే. కాపలాకి అని పెట్టుకున్నది ఈ పని చేయడం.

ఇది చూసి ఇంకో ఉచితదానికి మారేవాళ్లు ఒకటి గమనించాలి. ఏవీజీ అనే ఇంకో యాంటీవైరస్‌ని అవాస్ట్ 2016లోనే కొనేసింది. ఇప్పుడు అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ నాలుగూ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి.

కృష్ణలంక
మరి విండోస్‌తో వచ్చే డిఫెండర్ మాత్రం మైక్రోసాఫ్ట్‌కి ఏమీ పంపదా అండీ? అందరూ దాన్ని వెనకేసుకొస్తారు గానీ ఈ మాట ఎవరూ చెప్పరు.

బ్రాడీపేట నుంచి
పంపుతుంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్, దాని కింద మేనేజ్ సెట్టింగ్స్ తెరవండి. క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ఆటోమేటిక్ శాంపిల్ సబ్‌మిషన్ అని రెండు స్విచ్‌లు ఉంటాయి. రెండోది అనుమానం వచ్చిన ఫైలుని పంపేది. సొంత వివరాలు ఉండొచ్చనిపించే ఫైలైతే ముందు మిమ్మల్ని అడుగుతుంది. షాపులో ఆధార్‌లు ఉంటాయి కాబట్టి మీరు రెండోది ఆపేయొచ్చు. మొదటిది మాత్రం ఉంచండి, అది ఆపితే కొత్తగా వచ్చిన వైరస్‌ని పట్టడం బాగా తగ్గుతుంది. అయినా ప్రీమియం కొనమని వెంటపడే బాక్సులు డిఫెండర్‌లో లేవు.

మీ యాంటీవైరస్ ఎంత లోపలికి చూస్తోందో తెలుసుకోవాలంటే ఏదైనా సైటు తెరిచి, అడ్రస్ పక్కన ఉన్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. అక్కడ యాంటీవైరస్ పేరుంటే, తాళం వేసి వచ్చే పేజీని కూడా అది మధ్యలో తెరిచి చదువుతోందని అర్థం. వైరస్ కోసమే చేస్తారు, కానీ దాని చేతికి ఎంత అందుతోందో తెలిసి ఉండాలి.

యార్డు గుమస్తా
నేను మీ అందరితో పూర్తిగా ఏకీభవించను. మాది మిర్చి యార్డు దగ్గర కమీషన్ షాపు. డిఫెండర్ ఒక్కదానితోనే నడిపిన కాలంలో పెన్‌డ్రైవ్ నుంచి షార్ట్‌కట్ వైరస్ వచ్చింది. ఫోల్డర్లన్నీ మాయం, వాటి బదులు బాణం గుర్తులు. లెక్కలు పోయాయేమోనని మా షావుకారు గారికి ఆ రోజు అన్నం సహించలేదు. ఫైళ్లు దాగి ఉన్నాయి, దొరికాయి. అప్పటినుంచి డబ్బు కట్టి ఒక యాంటీవైరస్ వాడుతున్నాం. ఏడాదికి కట్టేది మాకు బరువు కాదు, ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి మనిషి ఉంటాడు. ఉచితంలో అది లేదు.

సీజన్లో స్లో మాకూ ఉండేది. స్కాన్ టైము మధ్యాహ్నం భోజనాల వేళకి మార్చాను, ట్యాలీ డేటా ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించాను. బిల్లులు ఇప్పుడు ఆగకుండా పడుతున్నాయి.

గవర్నర్‌పేట సర్వీస్
గుమస్తా గారూ, ఆ ఫోల్డర్ ఒక్కటే మినహాయిస్తే పర్లేదు. కొందరు మొత్తం డీ డ్రైవ్‌ని, డౌన్‌లోడ్స్‌ని కూడా మినహాయిస్తున్నారు, అది తలుపు తీసి పడుకోవడమే. ట్యాలీ బ్యాకప్ వేరే డిస్క్‌లో తీసి, ఆ డిస్క్‌ని ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది.

డీటీపీ గారికి: పెన్‌డ్రైవ్‌ల కోసం ఆటోప్లే ఆపేయండి. పెట్టగానే తెరవకుండా, రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా వైరస్ తీసేసే ఉచిత టూల్స్ ఉన్నాయి.

తెనాలి టీచర్
ఫోన్లో కూడా ఉచిత యాంటీవైరస్ అవసరమా అండీ?

బ్రాడీపేట నుంచి
ప్లే స్టోర్ నుంచే యాప్‌లు వేసుకునేవారికి అందులోనే ఉండే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ తనిఖీ సరిపోతుంది మేడం. వాట్సాప్‌లో చలానా అనో, పెళ్లి పిలుపు అనో ఏపీకే ఫైలు (యాప్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తే తెరవొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అరండల్‌పేట డీటీపీ
అందరికీ ధన్యవాదాలు. ఒక సిస్టంలో ఎస్‌ఎస్‌డీ వేయించి, ఉచితది తీసేశాను. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ముక్కలు మిగిలాయి, ఆ కంపెనీ వాళ్లే ఇచ్చిన రిమూవల్ టూల్‌తో పూర్తిగా పోయింది. డిఫెండర్ తనంతట తనే ఆన్ అయింది. పేజ్‌మేకర్ తెరుచుకోడానికి ఇప్పుడు కస్టమర్ ఎదురుచూడక్కర్లేదు. మిగతా రెండూ ఈ నెలలో మారుస్తాను.

రెండు సందేహాలు. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, డిఫెండర్ పనిచేస్తుందా? కస్టమర్ల ఆధార్ ఫైళ్లు డౌన్‌లోడ్స్‌లో కుప్పలుగా ఉన్నాయి, వాటిని ఏం చేయాలి?

గవర్నర్‌పేట సర్వీస్
విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కి వైరస్ గుర్తింపు అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ విండోస్‌లో బయటపడే కంతలు వాటితో పూడవు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని సిస్టం విండోస్ 11కి పనికిరాదు, మీ మూడింట్లో ఏది పనికొస్తుందో తెచ్చి చూపించండి. పనికిరానిదాన్ని నెట్ తీసేసి డిజైనింగ్‌కే వాడుకోండి.

ఆధార్‌లకి సెట్టింగ్స్‌లో సిస్టం, స్టోరేజ్, స్టోరేజ్ సెన్స్ తెరిచి ఆన్ చేయండి. డౌన్‌లోడ్స్‌లో తెరవకుండా ఉన్న ఫైళ్లని ఒక రోజుకే తీసేయమని పెట్టొచ్చు. మీ సొంత ఫైళ్లు ఏమైనా అందులో ఉంటే ముందు వేరే చోటికి మార్చుకోండి. వాట్సాప్ వెబ్ వాడుతుంటే షాపు మూసేటప్పుడు లాగవుట్ చేయండి. నంబరు పూర్తిగా అవసరం లేని పనికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తెమ్మని కౌంటర్ దగ్గర ఒక కాగితం అంటించండి.