వుడాంగ్ పర్వతం మీది తావో ఆలయాలు: మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకువెళ్లవచ్చా?

సీతమ్మధార సుజాత:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు చైనాలోని వూహాన్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. వచ్చే వసంతంలో అమ్మతో కలిసి వాడి దగ్గరికి వెళ్లి, అదే హుబే రాష్ట్రంలో, చైనా ప్రాచీన మతమైన తావో ఆలయాలున్న వుడాంగ్ పర్వతాన్ని కూడా చూసి రావాలని అనుకుంటున్నాము. అమ్మకు 63 ఏళ్లు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేవారు. మోకాళ్లు సహకరించక, రెండేళ్లుగా కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి తిరిగి వచ్చేస్తున్నారు. వుడాంగ్ శిఖరం మీది స్వర్ణమందిరం వరకు ఆమె వెళ్లగలరా? ఒకటే ఆలయం తీరికగా చూడాలంటే దేనిని ఎంచుకోవాలి? అమ్మ ఎక్కడికి వెళ్లినా దేవుడికి దండం పెట్టకుండా ఉండలేరు కాబట్టి అక్కడి మర్యాదలు కూడా తెలియజేయగలరు.

ఉక్కునగరం వాసి:

సుజాత గారూ, తప్పకుండా తీసుకువెళ్లండి, కానీ శిఖరాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. శిఖరం ఎత్తు 1,612 మీటర్లు. రోప్‌వే ఉన్న మాట నిజమే గానీ, అది దిగిన తరువాత కూడా నిటారుగా ఉన్న రాతిమెట్లు చాలా ఎక్కాలి, పైగా దిగేటప్పుడే మోకాళ్లకు అసలు కష్టం. మీ అమ్మగారి కోసం నేను చెప్పేది కొండ నడుమన ఉన్న జిషియావ్ ఆలయం, అంటే ఊదారంగు మేఘాల ఆలయం. పన్నెండో శతాబ్దంలో మొదలైన ఆ ఆలయాన్ని మింగ్ వంశపు యోంగ్లే చక్రవర్తి 1413లో తిరిగి కట్టించాడు. కొండవాలునే అంచెలంచెలుగా మలిచి, ఒక్కో అంచె మీద ఒక్కో మందిరం నిలిపారు కాబట్టి, ఒక ముంగిలి దాటి కాస్త కూర్చుని, ఓపిక వచ్చాక తరువాతి దానికి వెళ్లవచ్చు. నేను వెళ్లిన రోజు ఉదయం పొగమంచులో ఆకుపచ్చ పెంకుల కప్పు అంచు మాత్రమే కనిపించింది. జుట్టు ముడి వేసుకున్న సాధువులు లోపల పారాయణ చేస్తుంటే గంటకు పైగా ఆ ముంగిట్లోనే కూర్చుండిపోయాను. శిఖరం మీది రద్దీలో నాకు అంతటి ప్రశాంతత దొరకలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడి గడపలు చాలా ఎత్తుగా ఉంటాయి. మనలాగే వాళ్లు కూడా గడప తొక్కకూడదంటారు, దాటాలి. అమ్మగారి చేయి పట్టుకోవడానికి పక్కన ఒకరు ఉండాలి.

మువ్వలవానిపాలెం పాఠకుడు:

పైవారి సలహా మంచిదే, కానీ స్వర్ణమందిరాన్ని పూర్తిగా వదిలేయమనడం నాకు సమ్మతం కాదు. 1416 నాటి ఆ మందిరం చూడటానికి కర్రతో కట్టినట్టే ఉంటుంది గానీ, దూలాలూ తలుపులూ పెంకులూ అన్నీ బంగారు పూత పూసిన కంచే. విడిభాగాలను వేరేచోట పోతపోసి, జలమార్గాన తెచ్చి, కొండ మీద బిగించారు. ఎత్తు 5.5 మీటర్లే అయినా ఆ పనితనం ముందు మనిషి నోట మాట రాదు. లోపలి దేవుడు జెన్‌వూ, ఉత్తర దిక్కుకు అధిపతి. విరబోసిన జుట్టుతో, చెప్పులు లేని పాదాలతో కూర్చుని ఉంటాడు, ఎదుట తాబేలూ పామూ ఉంటాయి. అమ్మగారికి ఈ కథ చెప్పండి: జెన్‌వూ మొదట ఒక రాజకుమారుడట; తపస్సు సాగక విసిగి కొండ దిగిపోతుంటే అతడికి దారిలో ఒక ముసలమ్మ ఇనుప రోకలిని రాతి మీద అరగదీస్తూ కనిపించిందట. ఏం చేస్తున్నావమ్మా అంటే సూది చేస్తున్నానందట. అతడు సిగ్గుపడి వెనుదిరిగాడు. ఆ పేరుతో సూది నూరిన బావి అనే ఆలయం కొండదారిలోనే ఉంది. ఆ రోజు మోకాళ్లు బాగుంటే రోప్‌వేలో వెళ్లి, ఎక్కగలిగినన్ని మెట్లు ఎక్కి రండి.

అడివివరం:

మర్యాదల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. అగరుబత్తులు మూడు వెలిగించి, నుదుటి దాకా ఎత్తి, మూడుసార్లు వంగి నమస్కరించి, ఎడమ చేత్తో ధూపపాత్రలో గుచ్చుతారు. మంటను నోటితో ఊదకూడదు, చేత్తో విసిరి ఆర్పాలి. మనం దీపాన్ని నోటితో ఆర్పం కదా, అదే భావన. విగ్రహాలను ఫొటో తీయవద్దు, సాధువులను వయసు అడగవద్దు. కొబ్బరికాయ మాత్రం తొలిపావంచా దగ్గరే కొట్టి బయలుదేరండి.

సీతమ్మధార సుజాత:

అందరికీ కృతజ్ఞతలు. రెండు రాత్రులు అక్కడే బస చేసి, మొదట జిషియావ్ చూస్తాము. మెట్ల సంగతి అమ్మ ఇష్టానికే వదిలేస్తాను. రోకలి కథ విని, ముందు ఆ బావి దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఏ రోజుల్లో వెళ్లకూడదో కూడా చెప్పగలరా?

మువ్వలవానిపాలెం పాఠకుడు:

వాళ్ల మూడో చాంద్రమాసంలో మూడో రోజు జెన్‌వూ జన్మదినం. యాత్రికులు విపరీతంగా వస్తారు కాబట్టి, అమ్మగారితో ఆ వారం వద్దు. కొన్ని సంవత్సరాల్లో అది మన చందనోత్సవానికి ఒకటి రెండు రోజుల తేడాలోనే వస్తుంది. 2023లో ఏప్రిల్ 22న వచ్చింది, మరునాడే సింహాచలంలో అప్పన్న నిజరూప దర్శనం జరిగింది. టికెట్లు తీసుకునే ముందు ఆ రెండు తేదీలూ చూసుకోండి.